అర చెంచా ముర్రుపాలు

పెద్ద ఆఫీసు భవనంలో ఆమెను అందరూ టీ అత్త అనేవారు. ముప్పై ఏళ్లపాటు పొద్దున పదకొండింటికోసారి, సాయంత్రం నాలుగింటికోసారి ఆరు అంతస్తుల మెట్లెక్కి బల్లబల్లకూ టీ అందించింది. చేతిలో పన్నెండు గ్లాసుల ట్రే, ఎదురుగా తలెత్తకుండా పరుగెత్తుకొచ్చే గుమాస్తాలు. అయినా ఒక్క చుక్క ఒలికిందని గానీ, చల్లారిన టీ ఇచ్చిందని గానీ ఎవరినోటా మాట పడలేదు. పని మానేసి రెండేళ్లయినా ఆ రెండు సంగతులూ అడిగినవాళ్లకీ అడగనివాళ్లకీ చెబుతూనే ఉండేది.

కోడలు కరెంటు పనులు చేస్తుంది. కడుపుతో ఉన్నా ఏడో నెల దాకా నిచ్చెన దిగలేదు. ఎనిమిదో నెల రాగానే ఆసుపత్రికి తీసుకెళ్లే సంచీ సర్దింది. అదీ పనిముట్ల పెట్టె సర్దినట్టే. ఒక అరలో తనవి, ఒక అరలో బిడ్డవి, పైన కాగితాలు, మూత లోపల ఏది ఎక్కడుందో రాసిన చీటీ.

"పురిటికి వెళ్తున్నావా, ఫ్యూజు వెయ్యడానికి వెళ్తున్నావా?" అంది అత్త.

"అక్కడికెళ్లాక వెతుక్కుంటే ఏ పనైనా చెడుతుంది అత్తయ్యా."

"మరి నా ఫ్లాస్కు ఏ అరలో?"

"అది చీటీలో లేదు."

"లేకపోతే రాయి. నేను లేకుండా నువ్వు కనగలవేమో గానీ, ఫ్లాస్కు లేకుండా నేను కూర్చోలేను."

కోడలు నవ్వుకుంటూ చీటీ అడుగున ఫ్లాస్కు కూడా చేర్చింది.

ఆసుపత్రిలో గర్భిణులకు వారానికోసారి పాఠాలు చెప్పేవారు. కోడలు అవి విని వచ్చి అత్తకు అప్పజెప్పేది. ఆపరేషన్ అయితే పక్కకు తిరిగి, చెయ్యి ఊనుకుని లేవాలి. దగ్గొస్తే కుట్ల మీద దిండు అదుముకోవాలి. మొదట వచ్చే చిక్కటి పసుపు పాలు, ముర్రుపాలు, చుక్క కూడా పారబొయ్యకూడదు.

"నా బిడ్డ నోట్లో మొదట పడేవి నా పాలే కావాలి. నేను మత్తులో ఉంటే అది మీరే చూడాలి."

"చూస్తాలేవే. ముప్పై ఏళ్లు..."

"తెలుసు అత్తయ్యా. ఒక్క చుక్క ఒలకలేదు."

నెల ముందే ఒక పొద్దున నొప్పులొచ్చాయి. కొడుకు లారీ మీద రెండు రోజుల దూరంలో ఉన్నాడు. సంచీ భుజాన వేసుకుని అత్తే కోడల్ని ఆసుపత్రికి తీసుకెళ్లింది. బిడ్డ గుండె చప్పుడు తగ్గుతోందని డాక్టరమ్మ ఆపరేషన్ చేసింది. ఆడపిల్ల. రెండు కిలోలకు కాస్త తక్కువ. గట్టిగానే ఏడ్చింది కానీ, కొన్నాళ్లు వెచ్చటి పెట్టెలో ఉండాలంటూ నాలుగో అంతస్తులోని పసిపిల్లల గదికి తీసుకుపోయారు. తల్లిని మాత్రం కింద, నేల అంతస్తు వార్డులో ఉంచారు.

కాసేపటికి ఆ గది నర్సు దిగి వచ్చింది.

"ఒంటిగంటకల్లా పాపకు పాలు పట్టాలి. మీవి నాలుగు చుక్కలొచ్చినా తెచ్చివ్వండి. రాకపోతే డబ్బా పాలు పడతాం. తప్పేం లేదు, కంగారు పడకండి."

తప్పేం లేదన్న మాట కోడలి చెవికెక్కలేదు. వార్డు ఆయా పక్కన కూర్చుని చూపిస్తే పళ్లు బిగబట్టి పాలు పిండుకుంది. అరగంట పట్టింది. మూత ఉన్న చిన్న స్టీలు గిన్నెలో అర చెంచా పాలు చేరాయి, తేనె రంగులో.

"ఇంతేనా?" అంది కోడలు దిగులుగా.

"దాని పొట్టెంతని?" అంది ఆయా. "ఉసిరికాయంత కూడా లేదు. పట్టుకెళ్లండి పెద్దమ్మా."

లిఫ్టు ముందు స్ట్రెచర్లు బారులు తీరి ఉన్నాయి. టీ అత్త మెట్లెక్కింది. ఒక చేతిలో గిన్నె, భుజాన వేడినీళ్ల ఫ్లాస్కు. నడుము నిటారుగా, చూపు గిన్నె మీద కాకుండా దారి మీద. మూడో అంతస్తు మలుపులో గిన్నె అడుగు తడిమి చూసింది. చల్లగా తగిలింది.

ఆమె కాళ్లు ఆగిపోయాయి. జన్మలో ఎవరికీ చల్లారింది ఇవ్వలేదు, ఇప్పుడు సొంత మనవరాలికా? కిటికీ గట్టు మీద ఫ్లాస్కు మూత పెట్టి మరిగిన నీళ్లు పోసింది. అందులో గిన్నె నిలబెట్టింది. వేలికి చుర్రుమనే దాకా ఆగి, అప్పుడు తృప్తిగా పైకెక్కింది.

నర్సు మూత తీసింది. ఆవిరి లేచింది.

"ఇదేంటమ్మా, పొగలొస్తున్నాయి?"

"చల్లటివి ఇచ్చే అలవాటు లేదమ్మా నాకు," అంది అత్త గర్వంగా.

నర్సు కోప్పడలేదు. అదే అత్తకు ఎక్కువ బాధ కలిగించింది. "ఇంత వేడి తగిలితే ముర్రుపాలలోని మంచి గుణం పోతుందమ్మా. పాపకివి పట్టలేను. ఒంటి వెచ్చదనమే చాలు వీటికి." గోడ గడియారం చూసింది. "ఇంకో ముప్పావుగంట ఆగుతాను. అంతకు మించి పాపను ఆకలితో ఉంచలేను."

ఎక్కేటప్పుడు లేని బరువు దిగేటప్పుడు కాళ్లకు వచ్చింది. ఏమని చెప్పాలి? ఎవరో మోచెయ్యి తగిలించారు, ఒలికిపోయాయి అంటే సరిపోతుంది. రద్దీగా ఉండే మెట్లు, ఎవరూ అడగరు. రెండో అంతస్తు చేరేసరికి ఆ మాట నోట్లోనే చేదెక్కింది. అబద్ధమాడబోతున్నందుకు సగం, ఒలికిందని ఒప్పుకోవాల్సినందుకు సగం. ఒలకని దాన్ని ఒలికిందని చెప్పుకునే ఖర్మ తనకేం?

మంచం పక్కన నిలబడి గబగబా చెప్పేసింది. "నేనే పాడుచేశానే. టీ కాచినట్టు కాచాను."

కోడలు గిన్నె వంక చూసింది, అత్త వంక చూసింది. కళ్ల నిండా నీళ్లు తిరిగాయి. అరగంట కష్టం అది.

"కాచారా?" అంది చివరికి.

"చల్లగా ఉంది మరి."

"చక్కెర వెయ్యలేదు కదా?"

అత్తకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు. కోడలు మాత్రం ఏడుస్తూనే నవ్వడం మొదలుపెట్టింది. నవ్వితే కుట్లు లాగాయి. "దిండు, దిండు!" అని కేక వేసింది. అత్త దిండు అందించి, తన చెయ్యి కూడా దాని మీద వేసి అదిమింది.

"తిట్టవే," అంది.

"తిడితే పాలొస్తాయా? నా వీపు నిమరండి. ఈసారి గిన్నె మీరే పట్టుకోండి."

అత్త వీపు నిమురుతూ ఉంటే కోడలు మళ్లీ పిండుకుంది. ఈసారి అరగంట పట్టలేదు. చెంచా నిండింది. ఆయా చూసి, "నవ్వుకు ఊరాయి," అంది.

గిన్నె రెండు అరచేతుల మధ్య పొదివిపట్టుకుని టీ అత్త మళ్లీ మెట్లెక్కింది. ఫ్లాస్కు మంచం కిందే వదిలేసింది. పైనుంచి ఒక కుర్రాడు రెండేసి మెట్లు దూకుతూ వచ్చాడు. ఆమె భుజం ఒక్క పిసరు తిప్పింది. అతను దాటిపోయాడు. గిన్నెలో అల కూడా లేవలేదు.

నర్సు గిన్నె అడుగు తాకి చూసి తలూపింది. సూది లేని చిన్న సిరంజిలోకి తీసి పాప పెదవి మూల ఒక చుక్క వదిలింది. గోరంత నాలుక బయటికొచ్చి ఆ చుక్కను లోపలికి లాక్కుంది. అద్దం అవతల నిలబడ్డ టీ అత్త, ముప్పై ఏళ్లలో అంత శ్రద్ధగా తాగినవాళ్లను చూడలేదు.

అప్పటినుంచి మూడు గంటలకోసారి గిన్నె పైకెళ్లింది. కింద కోడలు మొదటి సాయంత్రం మంచం దిగింది, రెండో రోజు వార్డు చివరి దాకా నడిచింది. మూడో రోజు లారీ దుమ్ముతోనే వచ్చిన మొగుణ్ని కాళ్లూ చేతులూ కడుక్కు రమ్మని, అతని మోచెయ్యి పట్టుకుని లిఫ్టులో పైకెళ్లింది. వెనకాలే అత్త. నర్సు పాపను తీసి ఆమె గుండెల మీద పడుకోబెట్టింది.

"ఇదిగోనే మీ నానమ్మ," అంది కోడలు పాపతో. "నీకు తొలి పాలు తెచ్చిన మనిషి. మెట్ల మీద ఒక్క చుక్క ఒలకలేదు."

టీ అత్త గొంతు సవరించుకుంది.

"కాచిన సంగతి కూడా చెప్పవే," అంది. "అది దాచి ఒలకలేదన్నదే చెబితే, రేపు ఇది నన్ను కోతలు కోస్తున్నానంటుంది."