తీగ దించే రోజులు

"నీ మాటయితే సుధ ఇంటాది. నీవే చెప్పుమా," అన్నాడు నా కొడుకు శివ, ఆకుకట్టల మీద తడిగుడ్డ కప్పుతూ. రేపు పెండ్లాన్ని ప్రొద్దుటూరు పిలుచుకుపోయి గర్భసంచి తీయిస్తాడంట. ఆ పిల్లకు రోగమేమీ లేదు. బయట చేరిన ఆడది తమలపాకు తోటలో అడుగుపెడితే తీగ చస్తుందని మా చెన్నూరు పక్క నమ్మకం. ఆ రోజుల్లో ఆకు కోసే మనిషి ఒకరు తగ్గుతారు. అదీ రోగం.

"నువ్వు తీయించుకోలా? ఏమైనాది నీకు? గుండ్రాయి మాదిరి ఉండావు," అని నవ్వాడు.

నేను తీగ దించే పనిలో పడ్డాను. తమలపాకు తీగ అవిశె చెట్టును పట్టుకుని పైకి పోతూనే ఉంటుంది. పోయేకొద్దీ కింది కాడ ముదిరి, పచ్చదనం పోయి, కట్టెబారుతుంది. కణుపులు నా మోకాళ్ల మాదిరి ఉబ్బుతాయి. కొసన ఆకు చిన్నదవుతుంది. అప్పుడు తీగను మెల్లగా దించి, ముసలి కాడను చుట్టలు చుట్టి గుంతలో పెట్టి మన్ను కప్పుతాం. కొసను మళ్లీ చెట్టుకు కడతాం. పాత కణుపుల్లోంచి కొత్త వేర్లు పుడతాయి. తీగకున్న ఆ వసతి మనిషికి లేదు.

నాకు ఆపరేషను చేయించినప్పుడు నా కూతురు హేమలత అప్పుడప్పుడే బడికి పోతోంది, శివ చంకలో ఉన్నాడు. "ఇద్దరుండారు గదా, ఇంకెందుకే ఆ సంచి? నెలనెలా మూలన కూచుంటే నీ పని ఎవురు చేస్తారు?" అంది మా అత్త. మా ఆయన డాక్టరుకు నా వయసు ఎక్కువ చేసి చెప్పాడు. డాక్టరు కూడా ఆయన్నే అడిగాడు, నన్ను కాదు. కుట్లు ఆరీ ఆరకముందే ఆకు కోశాను. ఉన్నట్టుండి ఒళ్లంతా ఆవిర్లు కమ్మేవి, నడుము పట్టేసేది. "పని దొంగ," అనేది అత్త.

ఆ మరుసటేడు విషజ్వరమొచ్చి హేమలత పోయింది. దినాలయ్యాక ఒకనాడు మా ఆయన నా పక్కన కూచుని, ఎన్నడూ లేనిది, నా చెయ్యి పట్టుకున్నాడు. "ఏడ్వొద్దు మే. ఇంకో ఆడబిడ్డను కందాంలే," అన్నాడు. అనేశాక గుర్తొచ్చింది ఆయనకు. చెయ్యి వదిలేసి బయటికి పోయాడు. నేను లేచి పొయ్యి అంటించాను. బతికినంత కాలం ఆయన మళ్లీ ఆ మాట ఎత్తలేదు.

"అమా, ఇట్ల రా!" అని శివ కేకేశాడు. ఒక సాలు పొడుగునా తీగల మొదళ్లు నల్లబడి, ముట్టుకుంటే మెత్తగా ఊడొస్తున్నాయి. పైన ఆకు మాత్రం నిగనిగలాడుతోంది. మొదలు చచ్చిన సంగతి కొసకు కొన్నాళ్లదాకా తెలియదు.

"ఎవురో ముట్టుతో తొక్కినారు," అన్నాడు.

"ఈ సాలులో తిరిగిన ఆడదాన్ని నేనొక్కదాన్నే రా. నాకు యాడిది ముట్టు?"

వాడు తల దించుకుని, "నీళ్లు నిలిచినాయేమోలే," అని గొణిగాడు.

ఇంటికొచ్చి, బియ్యం చెరుగుతున్న సుధారాణిని పక్కన కూచోబెట్టుకుని అన్నీ చెప్పాను. డాక్టరును, ఆవిర్లను, హేమలతను, మా ఆయన వదిలేసిన చేతిని. ఆ పిల్ల చాట పక్కన పెట్టి, నా ఒళ్లో తలపెట్టింది. చీర తడిసిపోయేదాకా తల ఎత్తలేదు.

పొద్దుగూకినాక శివ వచ్చాడు.

"చెప్పినావామా?"

"చెప్పినా."

"ఏమనింది?"

"ఏడ్సింది."

"బయపడతాందా?"

"బయం గాదురా. నా కోసం ఏడ్సింది. ఇన్నేండ్లలో ఎవురూ ఏడ్వలా."

వాడు చెప్పులు విడవకుండా గడప దగ్గరే నిలబడిపోయాడు.

"సుధ యాడికీ రాదు," అన్నాను. "ఆ నాలుగు దినాలు ఆకు తీగ మీదనే ముదరనీ."