అమ్మ పోలిక

కళ్లజోళ్ల దుకాణంలో ఎటు తిరిగినా అద్దమే. కొనడానికి వచ్చినవాళ్లు ఫ్రేము పెట్టుకుని ఓసారి చూసుకుని వెళ్లిపోతారు. అమ్మేవాళ్లు మాత్రం పొద్దస్తమానం తమ మొహాలు తామే చూసుకుంటూ నిలబడాలి. అలాంటి దుకాణంలో పనిచేసే ఒక ఇల్లాలి కథ ఇది. సబ్బు, చలికాలంలో కాస్త క్రీము తప్ప ఆమె మొహం అప్పటిదాకా ఇంకేమీ ఎరగదు.

ఒకరోజు మేనేజరు అందరి ముందే అనేశాడు. "ఏంటమ్మా, మొహం అలా పీక్కుపోయింది? వచ్చినవాళ్లు ముందు చూసేది ఫ్రేముని కాదు, నిన్ను. కాస్త కళగా కనపడాలి మరి."

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆమె కూడా నవ్వేసింది గానీ ఆ మాట ముల్లులా దిగబడింది. రోజంతా ఏసీ గాలికి ఎదురుగా నిలబడితే ఎవరి చర్మమైనా ఎండిపోతుంది. ఆ గాలి కాస్త పక్కకి తిప్పమని అడగాలని ఆమెకు తోచలేదు. తప్పు తన మొహానిదే అనుకుంది.

సాయంత్రం ఇంటికి వస్తూ ఒక సీరమ్ కొంది. చర్మంలో తేమ నిలబెట్టే చిక్కటి సరుకు అది. తడి మొహం మీద రెండు చుక్కలు వేసుకుంటే చాలు. కానీ ఆమెది ఆత్రం. పొడి మొహం మీదే అరచేతి నిండా పోసుకుని రుద్దేది. చర్మం ఇంకా బిగుసుకుంది. దానికి విరుగుడుగా ఇంకో సీసా వచ్చింది. ఆ పైన మచ్చలు పోగొట్టేది మరొకటి. చివరికి బుగ్గలు మండి పొట్టు లేచాయి.

"అమ్మా, జడ వెయ్యవా?" అంటూ కూతురు దువ్వెన పట్టుకుని వచ్చేది. రెండో తరగతి చదువుతోంది. నోరు మూతపడదని ఇంట్లో అందరూ పిచ్చుక అనేవారు.

"ఉండవే, ఇది ఆరనీ. ఛీ, ఏం మొహమో ఏమో! చూసుకోవాలంటేనే అసహ్యమేస్తోంది."

"బాగానే ఉందిగా అమ్మా!"

"నీకేం తెలుసు? వెళ్లి నాన్ననడుగు, వేస్తారు."

పిచ్చుక వెళ్లేది కాదు. గుమ్మానికి ఆనుకుని, అద్దం ముందు అమ్మ మూతి ముడవడం చూస్తూ నిలబడేది.

ఒక ఆదివారం ఆమె వంటింట్లో ఉండగా స్నానాలగదిలోంచి కేక వినిపించింది. పరుగెత్తుకెళ్లి చూస్తే మూడు సీసాలూ బోర్లా పడి ఉన్నాయి. పిల్ల మొహమంతా జిడ్డు, కళ్లు తెరవలేకపోతోంది. తల్లీ తండ్రీ నీళ్లతో కడిగి, ఎత్తుకుని ఆసుపత్రికి పరుగెత్తారు.

జుట్టు నెరిసిన డాక్టరమ్మ కళ్లు పరీక్షించింది. "అదృష్టం, చూపుకేం కాలేదు. బుగ్గలు మానడానికి మాత్రం టైము పడుతుంది" అని, పిల్ల వైపు వంగింది. "ఇవన్నీ ఎందుకు రాసుకున్నావురా కన్నా?"

పిచ్చుక తల్లి వైపు చూడలేదు. "అందరూ నాది అచ్చం అమ్మ మొహమే అంటారు. అమ్మ మొహం అసహ్యంగా ఉంటుందట. మరి నాదీ అంతేగా!"

తల్లి వెక్కుతూనే మేనేజరు అన్నదీ, తను సీసా మీద సీసా కొని రుద్దుకున్నదీ అంతా చెప్పుకుంది.

"సీరమ్ రాసుకోవడం తప్పేం కాదమ్మా" అంది డాక్టరమ్మ. "ఎండిన చర్మానికి మంచిదే. తడి మీద రెండు చుక్కలు, పైన మామూలు క్రీము, అంతే. కానీ నువ్వు మొహాన్ని బాగుచేసుకోలేదు, దానిమీద కక్ష కట్టావు. ఎవడో నోటి దురుసుతో అన్న మాటని ఇంటిదాకా మోసుకొచ్చి పిల్ల ముందు దించావు."

మర్నాడు ఏసీ గాలి తన మీద పడకుండా తిప్పమని ఆమె మేనేజరుని అడిగింది. ఆయన గొణుగుతూనే తిప్పించాడు. ఇంత చిన్న పని ముందే ఎందుకు అడగలేదా అని ఆమెకు ఏడుపు ముంచుకొచ్చింది.

పిల్ల బుగ్గలు మానాయి. ఓ సాయంత్రం ఎదురింటి పిన్నిగారు దాని గడ్డం పట్టుకుని, "అచ్చం మీ అమ్మవేనే!" అంది ముచ్చటగా.

పిచ్చుక మెల్లగా మొహం విడిపించుకుంది. "కాదు. నాది నాన్న పోలిక."

తల్లి విననట్టే బట్టలు ఆరేస్తూ ఉండిపోయింది. ఆ తర్వాత ఎన్నిసార్లు దగ్గరికి తీసుకుని "నువ్వు అందగత్తెవే" అన్నా, పిల్ల నమ్మినట్టు కనిపించలేదు.

తల్లులారా, మీ మొహానికి ఏం రాసుకున్నా రాసుకోండి. పిల్లల ముందు మాత్రం దాన్ని తిట్టుకోకండి. ఆ మొహమే వాళ్లదీను.