జొన్నచేను దారిలో కంప

బుడమేరు బెజవాడని ముంచిన ఏడు ఇది జరిగింది. ఆ వారమే కృష్ణ మా పొలాల మీదికీ వచ్చింది. నీళ్ళు తీశాక గట్ల మీది గడ్డంతా ఒండ్రు పట్టి కుళ్ళింది. పశువు మూతి పెట్టేది కాదు. మిట్ట మీద నా జొన్నచేను ఒక్కటే పచ్చగా ఉంది. వరదకి ముందు కోసిన మొదళ్ళ నుంచి జానెడు పిలకలు లేచాయి.

చేను దారికి తుమ్మకంప అడ్డం వేశాను. మా ఊళ్ళో కంప వేశారంటే పశువుని తోలకూడదు. ఎందుకని అడగరు.

మా వీధిలో రహిమున్నీసాకి ఒక్కటే ఆవు. మొగుడు పోయాక ఆ పాల మీదే బతుకు. అది ఈని పది రోజులైంది. మేత లేక డొక్కలు లోపలికి పోయాయి.

"బాబాయ్, ఒక్క పూట తోలుకోనా?" అంది.

"వద్దమ్మాయ్."

"నీ బర్రెలకి దాచుకున్నావా?"

నా బర్రెలు వామిలో పాత వరిగడ్డి తింటున్నాయి. చూస్తూనే ఉందిగా అని ఊరుకున్నాను.

"వరద అందరి గడ్డీ తీసుకుపోయింది, నీది తప్ప" అనేసి పోయింది.

లేత జొన్నలో విషం ఉంటుంది. నడుమెత్తు ఎదిగితే పోతుంది. అందరికీ తెలుసనుకున్నాను. ఆమె పిడుగురాళ్ళలో సున్నం బట్టీల దగ్గర పెరిగిన పిల్ల. ఆవుని కొన్నదే మూడేళ్ళ కిందట.

మర్నాడు మధ్యాహ్నం వెళ్ళేసరికి కంప పక్కకి జరిగి ఉంది. ఆవు చేలో పడి కాళ్ళు కొట్టుకుంటోంది. రహిమున్నీసా దాని తల ఒళ్ళో పెట్టుకుని కూర్చుంది.

"పావుగంటే తోలాను బాబాయ్. ఆకలికి అరుస్తుంటే చూడలేకపోయాను."

పశువుల డాక్టరమ్మ తేజశ్రీకి ఫోన్ చేశాను. పక్క ఊళ్ళోనే ఉండబట్టి సరిపోయింది. స్కూటీ మీద వచ్చి నరానికి మందెక్కించింది. పొద్దు వాలేటప్పటికి ఆవు లేచి నిలబడింది.

"ఇది మేస్తే చస్తుందని చెప్పలేదా తాతా?" అంది డాక్టరమ్మ.

"కంప వేశాను."

"కంప మాట్లాడుద్దా?" అంది రహిమున్నీసా. కళ్ళు తుడుచుకుంటూ, "ఆ ముక్క నువ్వు చెబితే నోరు అరిగిపోయేదా బాబాయ్?"

రాత్రంతా నా చెవిలో అదే మాట.

తెల్లారి వామి దూసి రెండు మోపుల గడ్డి ఆమె గుమ్మం ముందు వేశాను. తర్వాత పశువులున్న తొమ్మిది ఇళ్ళకీ పోయి, ఒక్కో గుమ్మంలో నిలబడి, లేత జొన్న సంగతి నోటితో చెప్పాను.