మసకబారిన లావా లాంపు

"నీ చేతిల ఏది వడ్డా గంతే" అన్నాడు గజేందర్, భార్య నవనీత చేతిలోంచే చాయ్ అందుకుంటూ. ఆ చాయ్‌కి ఏ వంకా లేదు. అతని బాధంతా టీవీ పక్కనున్న లావా లాంపు గురించి. ప్రమోషన్ వచ్చినప్పుడు హుస్నాబాద్ ఆఫీసువాళ్లు ఇచ్చిన బహుమతి అది. పొడుగాటి సీసా, కింద బల్బు. వేడెక్కితే నీళ్లలో ఎర్రటి మైనం ముద్దలు ముద్దలుగా లేచి మళ్లీ కిందికి దిగేది. ఇప్పుడా నీళ్లు బియ్యం కడిగిన నీళ్లలా ఉన్నాయి. లోపల మైనం ఉందో లేదో కూడా కనబడటం లేదు.

పాడుచేసిందెవరో ఇంట్లో ఇద్దరికి తెలుసు. శుక్రవారం పొద్దున గజేందర్ దాన్ని వెలిగించి, అలాగే వదిలేసి, రెండు రోజుల ట్రైనింగుకు హైదరాబాద్ బస్సెక్కాడు. ఎనిమిది గంటలకు మించి వెలగకూడదని డబ్బా మీదే రాసుంది. సాయంత్రం నవనీత స్విచ్ మీద చెయ్యి వేయబోతే అత్త కొండవ్వ గయ్యిమంది. "సుక్కురారం పూట ఇంటి ఆడిది దీపం ఆర్పుతదా? నా కొడుకు సల్లగుండద్దా?" అది దీపం కాదు, కరెంటు సీసా అని ఎంత చెప్పినా వినలేదు. తెల్లవార్లూ వెలిగి ఉడికి, శనివారానికి అది మసకబారింది. కొడుకు అడిగినప్పుడు మాత్రం కొండవ్వ చిక్కుడుకాయలు గిల్లుతూ తలెత్తలేదు. ఆర్పితే మొగుడి ప్రాణానికి చేటు, ఆర్పకపోతే మొగుడి వస్తువుకు చేటు. ఎటు తిరిగినా తప్పు నవనీతదే. ఈ ఇంట్లో ఆమె పేరున ఉన్న ఆస్తి ఆ తప్పొక్కటే.

"నౌకరి జేస్తదట నౌకరి! ముందుగాల గీ లాంపు సక్కజెయ్యి, తర్వాత నౌకరి మాటెత్తు" అన్నాడు గజేందర్. తాముండే సిద్దిపేటలోనే ఒక డిగ్రీ కాలేజీలో కెమిస్ట్రీ ల్యాబ్ అసిస్టెంట్ పని. వచ్చే సోమవారం చేరమన్నారు. నవనీత బీఎస్సీ ఫస్టు క్లాసు. పెళ్లయిన పదకొండేళ్లలో ఆ చదువు పనికొచ్చింది కొండవ్వ మందుల చీటీ చదవడానికే. నెల రోజులుగా అడుగుతోంది. మొదట "సూద్దాం" అన్నాడు, తర్వాత "అమ్మకు వంటెవరు జేస్తరు?" అన్నాడు, ఆ తర్వాత నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వుకే ఆమెకు ఒళ్లు మండింది. లాంపు బాగుచెయ్యమని అతను వేళాకోళానికి అన్నాడు. ఆమె దాన్ని మాటగా పట్టుకుంది.

మర్నాడు అతను ఆఫీసుకు వెళ్లగానే సీసా మూత ఊడదీసి, మసక నీళ్లు పారబోసి, అడుగున గట్టిపడ్డ మైనాన్ని చన్నీళ్లతో కడిగింది. ఇన్వర్టర్ బ్యాటరీలో పోసే డిస్టిల్డ్ వాటర్ నింపి, గిన్నెలు తోమే లిక్విడ్ ఒక్క చుక్క వేసింది. వెలిగిస్తే మైనం కరిగింది గానీ అడుగునే కూచుంది, లేవదు. నీళ్ల సాంద్రత చాలలేదు, ఏదైనా ఉప్పు కలపాలి. పుట్టినూరు కుకునూరుపల్లిలో పత్తి ఆకు ఎర్రబడితే తన బాపు కొట్టే మెగ్నీషియం సల్ఫేట్ గుర్తొచ్చింది. అదీ ఒక ఉప్పే. ఎరువుల దుకాణానికి వెళ్తే అక్కడి మనిషి "ఎన్నెకరాలకమ్మా?" అని అడిగాడు. "ఒక్క సీసకు" అంది. అతను ఆమెను ఎగాదిగా చూశాడు.

ఆ ఉప్పును కరిగించి, వడగట్టి, కొండవ్వ టానిక్ మూతతో కొలిచి పోసింది. ఒక్కో మూతకు అరగంట ఆగింది. నడుమ అన్నం వండింది, బట్టలు ఆరేసింది, "పనిలేనోళ్లకు సీసలతోని ఆటలు" అని అత్త గొణుగుడు విన్నది. ఏడో మూతకు మైనం కదిలింది. తేటనీళ్లలో ఎర్రటి ముద్ద ఒకటి నింపాదిగా పైకి లేచింది. నవనీతకు ఏడుపొచ్చింది. తన చదువు తనలో ఇంకా ఉందన్న సంతోషం అది.

సాయంత్రం గజేందర్ లాంపు చూసి, "గిదేదో అప్పుడే జేస్తే అయిపోతుండె" అన్నాడు. నౌకరి మాట ఎత్తితే, "నవ్వులాటకన్నది పట్టుకుంటవేంది?" అని టీవీ పెట్టుకున్నాడు. నవనీత వారమంతా మళ్లీ ఆ మాట ఎత్తలేదు. నౌకరి మానుకోవడానికి ఒప్పుకున్నదనుకున్నాడతను.

ఆదివారం ఆఫీసు మిత్రుడు దినేశ్ ఇంటికొచ్చాడు. "మా ఇంటామె పాడుజేస్తే నేనే కూసోని బాగుజేసిన" అంటున్నాడు గజేందర్, లాంపు గురించి. వంటింట్లో పకోడీలు వేస్తున్న నవనీత చెయ్యి ఆగింది.

"మాది గూడ గట్లనే అయింది అన్నా. ఏమేం గలిపినవ్?" అడిగాడు దినేశ్.

"నీళ్లు... ఇగ ఉప్పు."

"ఎంత?"

గజేందర్ గొంతు వంటింట్లోకి వచ్చింది. "నవనీతా, ఉప్పు ఎంత ఏసినమే మనం?"

మనం! పాడైతే నువ్వు, బాగైతే నేను, తెలియకపోతే మనం. పదకొండేళ్లు ఈ మూడు మాటల మధ్యే తనను తిప్పాడు ఈ మనిషి. ఈసారి కోపాన్ని మింగలేదు. స్టవ్ ఆర్పి, చేతులు కడుక్కుని, ముందుగదిలోకి వచ్చింది.

"ఏడు మూతలు అన్నా. మనం గాదు, నేనేసిన" అంది దినేశ్‌తో. "రేపు కాలేజీల చేరుతున్న. మీ సీస గక్కడికే పట్టుకరాండ్రి, సూపిస్త."

"నవనీతా!" అన్నాడు గజేందర్. నవ్వబోయాడు గానీ ఆమె ముఖం చూసి ఆగిపోయాడు.

నవనీత అతని వైపు తిరిగింది.

"రేపు అత్తమ్మకు వంట మనం జేస్తున్నం. నేను మాత్రం ఇంట్ల ఉండ."