నాలుగు అంతస్తుల పుస్తకం

మొదటి అంతస్తు దాటాక లిఫ్టు బాబాయి ఎడమచేత్తో ఇత్తడి పిడిని అలాగే పట్టుకుని, కుడిచేతి బొటనవేలితో పేజీ తిప్పాడు. పడవ మునుగుతోంది. కెప్టెను ఇంకా కింద గదిలోనే ఉన్నాడు. రెండో అంతస్తు గడప కాళ్ల ముందు నుంచి జారిపోయింది, మూడోదీ జారిపోయింది. వెనక నిలబడ్డ పళ్ల డాక్టరు ఒకసారి దగ్గాడు, కాసేపాగి మళ్లీ దగ్గాడు. కెప్టెను ఎలాగో పైకొచ్చాక, అయిదో అంతస్తు దగ్గర, బాబాయి ఉలిక్కిపడి పిడి వదిలాడు.

"నాది మూడు బాబాయ్," అన్నాడు డాక్టరు.

"అయ్యయ్యో, చూసుకోలేదండీ!"

"ఏం పుస్తకం?"

"పడవ నవల. దీని వల్ల అంతస్తు తప్పడం ఇది అయిదోసారి."

"అయిదా! అయితే ఈ నెల మొదటి స్థానం దానిదే," అంటూ డాక్టరు జాలీ తలుపు తనే తోసుకుని, ఆ అధ్యాయం పూర్తి చేసుకోమన్నట్టు చెయ్యి ఊపి, మెట్ల మీదుగా కిందికి దిగిపోయాడు.

ఆరంతస్తుల ఆ పాత భవనంలో అందరికీ తెలిసిన పద్ధతి అది. లిఫ్టు చాలా పాతది. పిడి పక్కకి వంచితే కదులుతుంది, వదిలితే ఆగుతుంది. లిఫ్టు నేలా అంతస్తు గడపా సరిగ్గా కలిసేలా ఆపడం నడిపేవాడి చేతిలోనే ఉంది. ఇరవై ఎనిమిదేళ్లుగా ఆ చెయ్యి లిఫ్టు బాబాయిదే. పొట్టి మనిషి, మొద్దు వేళ్లు, ఖాకీ కోటుకి అయిదు గుండీలుంటే అందులో ఒకటి మాత్రం భార్య రవికెది. స్టూలు మీద కూర్చుంటే తల సరిగ్గా పిడి ఎత్తుకి వస్తుంది. గురి తప్పని చెయ్యి అని పేరు. ఆ చెయ్యి తప్పిందంటే మాత్రం ఒళ్లో ఏదో మంచి పుస్తకం ఉన్నట్టే లెక్క.

నెలాఖరున అతను లిఫ్టు గోడకి ఒక జాబితా అంటిస్తాడు. ఆ నెల చదివినవీ చూసినవీ అన్నీ అందులో వరసగా ఉంటాయి. పుస్తకాలకీ కామిక్సుకీ ఒకటే కొలత, ఎన్నిసార్లు అంతస్తు తప్పించాయన్నది. సినిమాల సంగతి వేరు. ఆదివారం భార్యతో చూసొచ్చిన సినిమా కథని సోమవారం లిఫ్టులో చెబుతాడు. ముగింపు వినడానికి ఎంతమంది తమ అంతస్తులో దిగకుండా ఉండిపోతే దానికి అన్ని మార్కులు. ఒక్కోదాని కింద ఒకటి రెండు మాటలు రాస్తాడు. భవనంలో వాళ్లు ఏది చదవాలన్నా, ఏ సినిమాకి వెళ్లాలన్నా ఆ కాగితం చూసే తేల్చుకుంటారు. ఎందుకంటే ఆ కాగితానికి మొహమాటం తెలియదు. భవనం యజమాని క్రమశిక్షణ మీద ఒక పుస్తకం రాసి సొంతంగా అచ్చు వేయించుకున్నప్పుడు, దాన్ని అన్నిటికన్నా అడుగున పెట్టి, "ఇది చదివినన్ని రోజులూ లిఫ్టు చాలా చక్కగా నడిచింది" అని రాశాడు. యజమాని నెల్లాళ్లపాటు ఆరో అంతస్తుకి మెట్లెక్కి వెళ్లాడు.

ఈ రోజు నెల ఆఖరి రోజు. జాబితాలో ఎనిమిదింటికి స్థానాలు చెప్పాలి. ఏడు తేలిపోయాయి. ఎనిమిదోదే మూడు వారాలుగా బాబాయికి అన్నం సయించనివ్వడం లేదు.

అది పంతులమ్మ రాసిన పుస్తకం.

భవనంలో అందరికీ ఆమె నాలుగో అంతస్తు టైపిస్టుగారు. బాబాయికొక్కడికే పంతులమ్మ. అతను పనిలో చేరిన మొదటి నెలలో మేనేజరు ఒక కాగితమిచ్చి లిఫ్టులో అంటించమన్నాడు. నాలుగు మూలలా జిగురు రాసి, వంకర లేకుండా అంటించాడు. మర్నాడు ఉతికిన చొక్కా వేసుకుని, తల దువ్వుకుని వచ్చి లిఫ్టులో కూర్చున్నాడు. కరెంటు లేదు. ఎవరూ ఎక్కలేదు. మధ్యాహ్నం దాకా అలాగే కూర్చున్నాడు. మెట్లెక్కి పోతున్న టైపిస్టు ఆగి అతన్ని చూసింది, గోడ మీది కాగితాన్ని చూసింది. 'రేపు మరమ్మతు. లిఫ్టు నడవదు. సిబ్బంది రానక్కర్లేదు' అని ఉంది అందులో. ఆమె ఒక్క మాట అడగలేదు, ఎవరికీ చెప్పలేదు. మర్నాడు లిఫ్టెక్కి తలుపు వేశాక, చేతిసంచిలోంచి ఒక పెన్సిలు తీసి, ఆ కాగితం మీదే ఖాళీ జాగాలో ఒక అక్షరం రాసింది. "ఇది 'అ'. పిడి వదలకు, నోటితో అను."

కింది నుంచి నాలుగో అంతస్తుకి నాలుగు అక్షరాలు. సాయంత్రం దిగేటప్పుడు ఆ నాలుగూ అప్పజెప్పాలి. మర్నాడు ఇంకో నాలుగు. అక్షరాలయ్యాక గుణింతాలు, గుణింతాలయ్యాక ఒత్తులు. ఒత్తుల దగ్గర అతనికి తలప్రాణం తోకకొచ్చింది. మధ్యలో ఎవరైనా ఎక్కితే ఇద్దరూ నోరు మూసుకుని పైకి చూస్తూ నిలబడేవారు. పెన్సిలు ప్రతిరోజూ వెతుక్కోవలసి వస్తోందని ఆమె ఒక మేకుకి దారం కట్టి దాన్ని వేలాడదీసింది. అరిగిపోయినప్పుడల్లా కొత్తది కట్టేది కూడా ఆమే. ఏడాది తిరిగేసరికి బాబాయి కూతురి బడినుంచి వచ్చిన ఉత్తరం తనే చదివాడు. భార్యకి జ్వరమొస్తే మందు సీసా మీద ఏముందో తనే చూసి పోశాడు. ఆ తరవాత ఇక ఆగలేదు. సముద్రం చూడనివాడు ఎన్ని పడవలెక్కాడో, ఎన్ని దేశాలు తిరిగాడో, అన్నీ ఆ స్టూలు మీదే. అదంతా ఆమె ఇచ్చిందే.

అలాంటి మనిషి పుస్తకం రాసింది. అరవై పేజీల సన్నటి పుస్తకం, 'గొడుగు ఆరబెట్టిన చోటు' అని పేరు. "చదివి జాబితాలో పెట్టు అబ్బాయ్," అని మూడు వారాల కిందట చేతికిచ్చింది. అతనికి మనవడు పుట్టినా ఆమెకి ఇంకా అబ్బాయే. బాబాయి దానికి అట్ట వేశాడు. ఇంటికి తీసుకెళ్లి, స్నానం చేసి, కిటికీ పక్కన కుర్చీ వేసుకుని చదివాడు. మళ్లీ చదివాడు. ఒక్కో పేజీకి నాలుగే వాక్యాలు. ఊపందుకునేలోపు ప్రతి వాక్యమూ ఆగిపోతోంది. ఎవరో నడుస్తూ నడుస్తూ ఉత్తపుణ్యానికి నిలబడిపోతున్నట్టుంది.

"మొదట పెట్టెయ్యరాదూ," అంది భార్య పొద్దున అన్నం డబ్బా సర్దుతూ. "ఆవిడకి ఈ రోజుతో ఉద్యోగం అయిపోతోంది. రేపట్నుంచి ఇటు వచ్చేది లేదు. ఒక్క అబద్ధానికి ఏం పోతుంది?"

"ఆవిడ కనిపెట్టేస్తుందే. నాకు అక్షరాలు నేర్పింది ఆవిడే. నేను అబద్ధం రాస్తే ఆ అక్షరాలే చెప్పేస్తాయి."

"అయితే నిజమే రాయి. మూడు వారాల్నుంచీ ఈ గోలేంటి నాకు?"

తొమ్మిదిన్నరకి పంతులమ్మ వచ్చింది. బూడిద రంగు చీర, చేతిలో గొడుగు, భుజానికి ఎప్పటి సంచే. లిఫ్టులో ఇంకో ముగ్గురున్నారు. నాలుగో అంతస్తు దగ్గరపడుతుండగా, "జాబితా?" అంది.

"సాయంత్రానికి పెడతాను పంతులమ్మా."

"నా మొహం చూసి ఏమీ మార్చకు. తెలిసిందా?"

అతను పిడి మీదే చూపు పెట్టి, గడపకీ లిఫ్టుకీ వెంట్రుకంత తేడా లేకుండా ఆపాడు, అంతే చేయగలిగాడు.

మధ్యాహ్నం అన్నం తిని, పాత క్యాలెండరు కాగితం వెనక రాయడం మొదలుపెట్టాడు. ఒకటి, పడవ నవల, అయిదు అంతస్తులు. 'కెప్టెనుని ఎవరైనా ముందే హెచ్చరించి ఉండాల్సింది.' రెండు, దొంగ పెళ్లికొడుకు సినిమా, నలుగురు దిగలేదు. 'మా ఆవిడ మూడుసార్లు ఏడ్చింది. హీరో ఏడ్చినప్పుడు మాత్రం ఏడవలేదు.' మూడు, డాక్టరుగారి గదిలోని బొమ్మల కథ, మూడంతస్తులు. 'పిల్లలు చివరి రెండు పేజీలు చింపేశారు. నేను ఊహించుకున్న ముగింపుకే ఈ స్థానం.' అలా ఏడు దాకా చెయ్యి చకచకా సాగింది. ఎనిమిది దగ్గర ఆగింది. కింద గంట మోగితే వెళ్లి ఎవరినో ఎక్కించుకొచ్చాడు. ఆరులో గంట మోగితే వెళ్లి ఎవరినో దించాడు. తిరిగొచ్చేసరికి కాగితం అక్కడే ఉంది. మొదటి స్థానంలో రాద్దామా అని పడవ నవలని చెరపబోయి, రబ్బరు పక్కన పెట్టాడు. ఇన్నేళ్లలో ఆమె తనకి ఒక్క తప్పక్షరం నేర్పలేదు. ఆఖరికి రాశాడు. 'ఎనిమిది. గొడుగు ఆరబెట్టిన చోటు. ఒక్క అంతస్తూ తప్పలేదు. వాక్యాలు తొందరగా ఆగిపోతున్నాయి.' రాసి, అంటించి, దానికి వీపు పెట్టి కూర్చున్నాడు.

అయిదు గంటలకి నాలుగో అంతస్తు గంట మోగింది. ఆఫీసు వాళ్లు గుమ్మం దాకా వచ్చి సాగనంపుతున్నారు. ఎవరో పూలగుత్తి ఇచ్చారు, ఎవరో కళ్లు తుడుచుకుంటున్నారు. "ఇంక చాలు, లోపలికెళ్లండి," అని ఆమె ఒక్కతే లిఫ్టెక్కింది. బాబాయి తలుపు వేశాడు. పిడి మీద చెయ్యి వేసి, వంచకుండా అలాగే ఉండిపోయాడు.

ఆమె కళ్లద్దాలు పెట్టుకుని జాబితా చదివింది. పైనుంచి మొదలుపెట్టి, తొందరేమీ లేకుండా, కిందిదాకా. దొంగ పెళ్లికొడుకు దగ్గర నవ్వింది. ఎనిమిది దగ్గర చాలాసేపు ఆగింది.

"క్షమించండి పంతులమ్మా. నాకు... నేను రెండుసార్లు చదివాను."

"ఎక్కడ చదివావు?"

"ఇంట్లోనండీ. స్నానం చేసి, కుర్చీలో కూర్చుని. మీ పుస్తకం కదా, ఈ నూనె చేతులతో ఎలా పట్టుకుంటాను?"

ఆమె అతని వంక నోరు తెరుచుకుని చూసింది. అంతలో ఆమెకి నవ్వొచ్చింది. గోడకి ఆనుకుని, పూలగుత్తి కదిలిపోయేలా నవ్వింది. "స్నానం చేసి! ఓరి పిచ్చి అబ్బాయ్! ఏదీ, పుస్తకం తెచ్చావా?"

సంతకం పెట్టించుకుందామని తెచ్చిన పుస్తకం సంచిలోనే ఉంది. తీశాడు.

"చదువు. గట్టిగా. పిడి వదలకు."

బాబాయి పిడి వంచాడు. లిఫ్టు కిందికి కదిలింది. చేతికొచ్చిన పేజీ తెరిచి, చదవడం మొదలుపెట్టాడు.

"వాన వెలిసిన సాయంత్రం మా అమ్మ గొడుగుని గుమ్మంలో తెరిచిపెట్టి, అది ఆరేదాకా ఎవర్నీ బయటికి వెళ్లనిచ్చేది కాదు."

మూడో అంతస్తు గడప వచ్చింది.

"గొడుగు ఒక్కటే, మేము అయిదుగురం, అందుకని అది ఆరిపోయాక కూడా ఇంకా తడిగా ఉందనే చెప్పేది."

రెండు.

"అది అబద్ధమని మాకు తెలుసు, మాకు తెలుసని అమ్మకీ తెలుసు, అయినా అందరం కిటికీ దగ్గర కూర్చుని గొడుగు వంకే చూసేవాళ్లం."

ఒకటి. నాలుగో వాక్యం పొట్టిది. కింద ఆపేటప్పుడు పిడి కాస్త ముందుగా వదలాలి. ఆ సంగతి భవనం మొత్తంలో ఇద్దరికే తెలుసు.

"మేమంతా ఒకే గదిలో ఉన్న రోజులు అవే."

లిఫ్టు ఆగింది. గడపకి గడప కలిసిపోయింది.

"నువ్వు చదువుతూ ఎవర్నో ఎక్కడికో మోసుకుపోవడం, ఆ మేనేజరు నిన్ను తిట్టడం ఇరవై ఏడేళ్లు చూశాను," అంది పంతులమ్మ. "ఒక్క పుస్తకమన్నా నీకు తిట్లు తేనిది ఉండాలనుకున్నాను. వాచీ పెట్టుకుని రాశాను తెలుసా, ప్రతి వాక్యం ఒక అంతస్తుకి సరిపోయేలా."

బాబాయి కోటు చేత్తో మొహం తుడుచుకున్నాడు. "మారుస్తాను పంతులమ్మా, ఇప్పుడే మారుస్తాను."

"ఎందుకూ? ఎనిమిదే ఉంచు. అంతస్తు తప్పలేదుగా మరి. నిజమే రాశావు. అందుకే నీకిచ్చాను." దారానికి వేలాడుతున్న పెన్సిలు అందుకుని, పుస్తకం మొదటి పేజీలో సంతకం పెట్టింది. పెన్సిలు ములుకు ఒకసారి చూసి, "ఇంకా కొన్నాళ్లొస్తుంది," అని వదిలింది. "ఉంటానబ్బాయ్."

"మీరు నాకు..." అన్నాడు అతను.

"తెలుసు," అంది. తలుపు తనే తెరుచుకుని, గొడుగు చంకలో పెట్టుకుని వెళ్లిపోయింది. వీధి గుమ్మం దగ్గర వెనక్కి తిరిగి, తిన్నగా కూర్చోమన్నట్టు చెయ్యి చూపించింది. అతను తిన్నగా కూర్చున్నాడు.

టీ తాగడానికి కిందికొచ్చిన పళ్ల డాక్టరు ఆరు గంటలు దాటాక మళ్లీ లిఫ్టెక్కాడు. మూడో అంతస్తు జారిపోయింది. నాలుగో అంతస్తు గడప దగ్గర లిఫ్టు అంగుళం తేడా లేకుండా ఆగింది. బాబాయి తలుపు తెరిచాడు. ఎదురుగా టైపు ఆఫీసుకి తాళం వేసి ఉంది.

"ఏం పుస్తకం బాబాయ్?" అన్నాడు డాక్టరు అలవాటుగా. చూస్తే పుస్తకం అతని ఒళ్లో మూసే ఉంది.

"ఇది పుస్తకం వల్ల కాదండీ," అన్నాడు బాబాయి. "దీన్ని లెక్కలో వెయ్యకూడదు."

డాక్టరుని మూడో అంతస్తులో దింపి, కిందికొచ్చి, స్టూలు మీంచి లేచాడు. రబ్బరు తీసుకుని జాబితాలో అడుగు వరస చెరిపాడు. మొదటి స్థానం కన్నా పైన, కాగితం అంచున, అంకె వెయ్యకుండా, ఒత్తులు ఒకటికి రెండుసార్లు సరిచూసుకుంటూ రాశాడు. 'గొడుగు ఆరబెట్టిన చోటు. ఇంట్లో చదవకూడదు. నాలుగో అంతస్తు దాకా చదవాలి. నన్ను ఒక్క అంతస్తూ తప్పనివ్వలేదు.'

అంతలో ఆరులో గంట మోగింది. పెన్సిలు వదిలేసి పిడి వంచాడు. లిఫ్టు పైకి కదిలింది. జాబితా పక్కన, మేకుకి ఆమె కట్టిన దారం చివర, ఆమె కొని తెచ్చిన ఆ పెన్సిలు, వేలెడు కన్నా కాస్త పొడుగు, ములుకు ఇంకా వాడిగా, ఒక్కో అంతస్తుకీ గోడని తాకుతూ ఊగుతూ ఉంది.