అవతలి గ్రూపులో దర్జీ

సందు మలుపులో బట్టలు కుట్టే ఆవిడకు కొత్త నంబరు తీసుకున్న మూడో రోజే ఒక చిక్కు వచ్చిపడింది. ఆ నంబరు అంతకుముందు ఇంకెవరిదో. ఆయనే అనుకుని ఆమెను వాట్సాప్‌లో ‘నడక వీధి’ గ్రూపులో చేర్చేశారు. బజారు వీధిలోకి బళ్ళను రానివ్వకూడదనేవాళ్ళ గ్రూపు అది. ఆమె ఉన్నదేమో ‘దారి మూయొద్దు’ గ్రూపులో. దానికి పెద్ద, ఇనప సామాన్ల కొట్టు నడిపే ఆమె సొంత అన్న.

సంగతి చెబితే అన్న ఎగిరి గంతేశాడు. వాళ్ళేం పన్నాగాలు పన్నుతున్నారో ఎప్పటికప్పుడు తనకు పంపమన్నాడు. సరేనంది గానీ, మిషను పక్కన ఫోను పెట్టుకుని ముందు తనే చదవసాగింది.

పన్నాగాలేమీ కనబడలేదు. కొట్లవాళ్ళకు లాభం తప్ప మనిషి కనబడడని ఒకరు రాస్తే నలభై మంది చప్పట్లు కొట్టారు. దానికి రుజువుగా, నడిచేవాళ్ళకు పనీపాటా లేదని తన అన్న ఎప్పుడో కోపంలో విసిరిన మాట అక్కడ తిరుగుతోంది. మధ్యాహ్నం తమ గ్రూపు తెరిస్తే, ‘మనిషి కనబడడు’ అన్న మాట అప్పుడే ఇక్కడికొచ్చి కూర్చుంది. అటూ ఇటూ దాటేవన్నీ పుల్లవిరుపు మాటలే. మిగతావి గడప దాటడం లేదు. ఎందుకలా అన్న ఆలోచనలో పడి ఒక చొక్కాకు చేతులు తారుమారుగా కుట్టేసింది.

సాయంత్రం ‘నడక వీధి’లో ఒక తల్లి రాసింది. బజారు వీధిలో పాదం మీదికి బండి ఎక్కి తన కూతురికి ఎముక విరిగిందట. అయినా, బళ్ళు ఆపితే కొట్లకు సరుకెలా చేరుతుందో ఎవరికైనా తెలుసా అని అడిగింది. ఒక్కరూ పలకలేదు. దర్జీ ఉండబట్టలేకపోయింది. సరుకు చాలావరకు పొద్దున తొమ్మిదిలోపే దిగుతుందనీ, ఇనప కొట్టుకు మాత్రం మధ్యాహ్నం లారీ తప్పదనీ రాసి, తనెవరో కూడా చెప్పేసింది.

గ్రూపు భగ్గుమంది. తీసెయ్యమన్నారు కొందరు. ఆ తల్లి మాత్రం మర్నాడు పొద్దున్నే దర్జీ కొట్టుకు వచ్చింది.

“మీరు చెప్పింది నిజమేనా అక్కా? కళ్ళతో చూసి పోదామని వచ్చాను.”

ఇద్దరూ గుమ్మంలో నిలబడి పన్నెండింటిదాకా బళ్ళు లెక్కపెట్టారు. తొమ్మిది దాటాక వచ్చిన సరుకు బళ్ళు రెండే.

దర్జీ ఆ లెక్కను రెండు గ్రూపుల్లోనూ పెట్టింది. అవతలివాళ్ళు గొణుక్కుంటూనే ఆమెను ఉండనిచ్చారు. అన్న తీసేశాడు. వారం రోజులు పలకరించలేదు కూడా. ఎనిమిదో రోజు ఆమె కొట్టు ముందు నిలబడి, గుండీల డబ్బా కేసి చూస్తూ అడిగాడు.

“ఆ మధ్యాహ్నం లారీ గురించి వాళ్ళేమంటున్నారు?”

“ఎన్నింటికొస్తుందో, ఎంతసేపుంటుందో అడుగుతున్నారు అన్నయ్యా. నాకేం తెలుసు? నాతో బళ్ళు లెక్కపెట్టినావిడ రేపు ఇక్కడికే వస్తుంది. నువ్వే చెప్పు.”

అన్న రానని అనలేదు. ఎన్నింటికని అడిగాడు.