పట్టుకునే చెయ్యి

దయ్యాలంటే నాకు నమ్మకం లేదు. మా అక్క సంగతి వేరు. బతికున్నప్పుడే చెప్పాపెట్టకుండా వచ్చి వెనకాల నిలబడే మనిషి, పోయినంత మాత్రాన ఆ అలవాటు మానుకుంటుందని నేననుకోలేదు. మానుకుంది. నా ఏడుపంతా అదే.

ఒంటి మీది వెంట్రుకలు మేమిద్దరం ఎప్పుడూ ఇంట్లోనే తీసుకునేవాళ్ళం. పార్లర్ గుమ్మం ఎక్కిన పాపాన పోలేదు. చక్కెర, నిమ్మరసం, కాసిని నీళ్ళు. సన్నటి మంట మీద తేనె రంగు వచ్చేదాకా కాచి, పళ్ళెంలో పోసి, చెయ్యి ఓర్చుకునేంత చల్లారాక ముద్ద తీసి, తెల్లబడేదాకా సాగదీసి మడుస్తూ ఉండాలి. ఆ ముద్దని వెంట్రుక పెరిగే వైపుకి ఎదురుగా అదిమి పూసి, పెరిగే వైపుకే చటుక్కున లాగేయాలి. ఇందులో బ్రహ్మవిద్యేమీ లేదు. మా ఇంటి పద్ధతి ఒక్కటే వేరు. లోకంలో ఆడవాళ్ళంతా ఒక చేత్తో చర్మం బిగించి రెండో చేత్తో లాగేసుకుంటారు. మాకు మాత్రం ఇద్దరుండాలి. అక్క పట్టుకునేది, నేను లాగేదాన్ని. తన కాళ్ళయినా అంతే, నా కాళ్ళయినా అంతే. పట్టుకోవడంలో తన చెయ్యే చెయ్యి. అరచెయ్యి ఆనించి చర్మం బిగించి, చివర్న బొటనవేలితో చిన్న నొక్కు నొక్కేది. నొప్పి ఆ వేలు దాటి వచ్చేది కాదు.

అక్క పోయాక, దాని పిల్ల కోసమని నేను ఆ ఇంట్లోనే ఉండిపోయాను. ఆదివారం మధ్యాహ్నం బావ బస్సు తోలడానికి, పిల్ల ఈతకి పోయాక ఇల్లు ఖాళీ అయ్యేది. అప్పుడు చక్కెర కాచుకుని వంటింటి నేల మీద కాళ్ళు చాపుకుని కూర్చునేదాన్ని. "ఏం అక్కా, వస్తావా రావా? ఎన్నాళ్ళు బతిమాలించుకుంటావ్?" అని గోడతో పోట్లాట పెట్టుకునేదాన్ని. ముద్ద పూసి, ఆ చెయ్యి పడుతుందేమోనని ఊపిరి బిగబట్టి చూసేదాన్ని. పడేది కాదు. వదులు చర్మం మీదే లాగేదాన్ని. ప్రాణం జివ్వుమనేది. పిక్కలు నల్లగా కమిలిపోయినా మానలేదు. ఆ బాధ చూసైనా జాలిపడి వస్తుందని ఆశ. పిచ్చి ముదిరితే ఇలాగే ఉంటుంది మరి.

పిల్లని అందరం పిచ్చుక అంటాం. ఒంటి మీద మాత్రం వాళ్ళమ్మ పోలికే, చేతుల నిండా నల్లటి నూగు. ఈత పోటీలు దగ్గర పడుతున్నాయని మొన్న ఆదివారం ఇంట్లోనే ఉండిపోయి నా కొంగు పట్టుకుంది.

"పిన్నీ, నా చేతులు చేసిపెట్టవా?"

"ఎవరేమన్నారే?"

"ఎవరో ఏదో అంటే ఏడ్చే రకాన్నా నేను? నాకే చేయించుకోవాలనుంది. అమ్మ చేస్తానంది. మొదటిసారి తనే పట్టుకుంటానని మాటిచ్చింది."

అక్క మాటంటే మాటే. ఎవరికైనా ఏదైనా ఇస్తానంటే ఇచ్చేదాకా నిద్రపోయేది కాదు. అంటే ఇవాళ వస్తుంది. దీని కోసం వస్తుంది. నాకా, అలాంటి మాటేదీ ఇవ్వలేదు. అక్క కూతుర్ని చూసి కుళ్ళుకునే పిన్నిని మీరెప్పుడూ చూసి ఉండకపోతే ఇప్పుడు చూడండి.

చక్కెర కాచాను. పిల్లని బల్ల ముందు కూర్చోబెట్టి, చేతి కింద తువ్వాలు పరిచి, పౌడర్ అద్దాను.

"నొప్పెడుతుందా పిన్నీ?"

"పెట్టదంటే నమ్ముతావా?"

"నమ్మను."

"మరెందుకడగడం? కళ్ళు మూసుకో."

అది కళ్ళు గట్టిగా మూసుకుంది. ముద్ద పూశాను. పళ్ళెం జారిపోతుంటే ఎడం చేత్తో దాన్ని పట్టుకున్నాను. అప్పుడు చూశాను. మోచేతి కింద పిల్ల చర్మం తనంతట తనే నున్నగా బిగుసుకుంది. చివర్న, బొటనవేలంత మేర, చిన్న గుంట పడింది.

"మరీ అంత నొక్కకు పిన్నీ," అంది పిచ్చుక.

నా ఎడం చెయ్యి పళ్ళెం మీదే ఉంది. లాగాను. ముద్ద శుభ్రంగా ఊడి వచ్చింది.

"ఓస్, ఇంతేనా!" అని నవ్వింది పిల్ల.

రెండు చేతులూ అలాగే అయ్యాయి. నేను పూసిన చోటల్లా ఆ గుంట ముందే వచ్చి కూర్చునేది. భయం వేయలేదంటే అబద్ధం, ఒళ్ళంతా చెమటలు పట్టాయి. అయినా పని తెమలనివ్వడం ఇష్టం లేక, కాస్త కాస్త ముద్దతో నత్తనడక నడిపించాను. ఎంత సాగదీసినా పిచ్చుక చేతులు పిచ్చుక చేతులే కదా, అయిపోయాయి. మణికట్టు దగ్గరి ఆఖరి గుంట మెల్లిగా పూడుకుంది. వంటిల్లు ఖాళీ అయినట్టు నాకు తెలిసిపోయింది. మాట నిలబెట్టుకుంది, వెళ్ళిపోయింది. నా మొహం వైపైనా చూడలేదు.

ఒళ్ళు మండి గిన్నెని ఠపీమని దించాను. గరిటె ఎగిరి కింద పడితే, తీయడానికి గొంతుక్కూర్చున్నాను. చీర కుచ్చెళ్ళు పైకి జరిగాయి.

"ఇదేంటి పిన్నీ, కాళ్ళు ఇలా కమిలిపోయాయి?" పిచ్చుక గొంతు మారిపోయింది. "ఒక్కదానివే చేసుకుంటున్నావా? నాకెందుకు చెప్పలేదు?"

"నీకు చెప్తే ఏం చేస్తావ్?"

"పట్టుకుంటా. ముద్ద ఇంకా మిగిలిందిగా, కూర్చో నువ్వు."

"నీకు చేతకాదులే."

"చేతకాకపోతే తిట్టు. తిట్టడం నీకు కొత్తా?"

ఏడుపూ నవ్వూ ఒక్కసారే వచ్చాయి. గోడకి ఆనుకుని నేల మీద కూర్చుని కాలు చాపాను. మిగిలిన ముద్ద పిక్క మీద పూశాను. ఇన్ని ఆదివారాల నొప్పి గుర్తొచ్చి కళ్ళు వాటంతటవే మూసుకుపోయాయి.

"ఊఁ, పట్టుకో," అన్నాను.

అరచెయ్యి వచ్చి ఆనింది. కమిలిన చోటు తప్పించి మరీ ఆనింది. చర్మం బిగిసింది. చివర్న బొటనవేలు చిన్నగా నొక్కింది. లాగాను. నొప్పి లేదు.

"అమ్మ దొంగా! ఎక్కడ నేర్చుకున్నావే ఇది?" అన్నాను. కన్నీళ్ళు చెంపల మీదికి కారిపోతున్నాయి.

గదికి ఆ చివర కుళాయి దగ్గర నుంచి పిచ్చుక అరిచింది.

"ఒక్క నిమిషం ఆగు పిన్నీ, చేతులన్నీ జిగురు, కడుక్కుని వస్తున్నా."

నేను కళ్ళు తెరవలేదు. తడుముకుంటూ ఇంకాస్త ముద్ద తీసుకున్నాను.